చనిపోయినవారికి ఇంగ్లీషు రాదు

మొన్న మా మనవరాలు హాల్లో కూర్చుని ఫోనులో ఏదో పాతకాలపు పూజ చూస్తోంది. ఏ దేశంలోదో తెలియదు. వంటింట్లో చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న నాకు "దోమినుస్ వోబిస్కుం" అన్న మాట వినబడింది. నన్నడక్కుండానే నా నోరు "ఎత్ కుం స్పీరితు తువో" అనేసింది. అని ఊరుకోలేదు, వెనక్కి తిరిగి చూశాను. నా వెనక ఫ్రిజ్ తప్ప ఏమీ లేదు.

"అమ్మమ్మా, నీకు లాటిన్ వచ్చా?" అని పిల్ల ఆశ్చర్యపోయింది.

"రాదు," అన్నాను. నిజంగానే రాదు. ప్రభువు మీతో ఉండుగాక అని గురువు అంటే, మీ ఆత్మతోనూ ఉండుగాక అని జనం జవాబు చెప్పడమని చాలా ఏళ్ళ తర్వాత ఎవరో చెబితే తెలిసింది. నాకు వచ్చినది జవాబు మాత్రమే. వెనక్కి తిరిగి ఎందుకు చూశావని ఆ పిల్ల అడగలేదు. అడిగి ఉంటే ఇదంతా చెప్పేదాన్ని.

నాకప్పుడు పదేళ్ళు. దిల్‌సుఖ్‌నగర్ అంటే ఊరి చివర. మలక్‌పేట దాటితే ఇళ్ళు పల్చబడేవి. చైతన్యపురి అన్న పేరే లేదు. ఇవాళ హాస్టళ్ళు, కోచింగ్ సెంటర్ల బోర్డులు ఉన్న చోట ద్రాక్షతోటలు, తుమ్మచెట్లు, బండరాళ్ళు. నాన్నది విద్యుత్ శాఖలో గుమాస్తా ఉద్యోగం. గుంటూరు వైపు నుంచి వచ్చి రెండు గదుల ఇల్లు అద్దెకు తీసుకున్నాం. దాన్ని ఇక్కడివాళ్ళు కిరాయి అంటారని తెలియక అమ్మ మొదటి నెలంతా ఇబ్బంది పడింది.

మేము గుడి అని పిలిచే క్యాథలిక్ చర్చి విజయవాడ రోడ్డు మీద, ఇప్పుడు ఎల్.బి.నగర్ అంటున్న వైపు ఉండేది. గుడి అంటే చిన్నదే. రాతిగోడలు, పెంకుల కప్పు, పదీ పన్నెండు బల్లలు, వెనక సమాధుల తోట. తలుపు తీయగానే కరిగిన మైనం, సాంబ్రాణి, గబ్బిలాల పెంట, అన్నీ కలిసిన వాసన కొట్టేది. ద్రాక్ష కోతల రోజుల్లో పక్క తోటలో రాలి పులిసిన పళ్ళ వాసన దానికి తోడయ్యేది. ఆ వాసన వస్తే మాట తగ్గించాలని మాకు ఎవరూ చెప్పలేదు. అదే తగ్గేది.

ఇంట్లో జపాలన్నీ తెలుగులోనే. పరలోక జపం, జపమాల, పడుకునే ముందు చెప్పేవి, అన్నీ. గుళ్ళో పూజ మాత్రం లాటిన్‌లో. పూజ చేసే పెద్ద స్వామి సముద్రం అవతల ఏదో కొండ ఊరినుంచి వచ్చినవాడు. ముప్పై ఏళ్ళు నల్లగొండ పల్లెల్లో తిరిగి, అచ్చం అక్కడి రైతులా మాట్లాడేవాడు. "ఏం బిడ్డా, బువ్వ తిన్నవా?" అని పలకరించే మనిషి, పూజ వస్త్రాలు వేసుకుని మాకు వీపు పెట్టి నిలబడగానే వేరే మనిషయ్యేవాడు. ఆయన ముందున్న గోడతో మాట్లాడుతున్నాడనీ, గోడ అవతల ఎవరో వింటున్నారనీ నేను నమ్మేదాన్ని.

దీపాలు వెలిగించేది ఒక అవ్వ. అందరూ ఆమెను దీపాలవ్వ అనేవారు. పెద్ద స్వామి వెంటే నల్లగొండ పల్లెనుంచి వచ్చింది. భర్త, కొడుకు, కోడలు ముగ్గురూ ఆ వెనక సమాధుల తోటలోనే ఉన్నారు. మిగిలింది ఒక్క మనవడు. అవ్వకి అక్షరం రాదు గానీ పూజ జవాబులన్నీ పొల్లు పోకుండా వచ్చు. వరసగా పునీతుల పేర్లు చదివేటప్పుడు ప్రతి పేరుకీ "ఓరా ప్రో నోబిస్", అంటే మా కోసం వేడుకోమని, అనాలి. మేము పిల్లలం వెనక బల్లలో కూర్చుని "ఓరి పోనీ బియ్యం" అనేవాళ్ళం. అవ్వ తల తిప్పకుండానే చేయి వెనక్కి చాచి అందిన చెవిని మెలిపెట్టేది.

నాకు అసలు జవాబులు నేర్పింది ఆమె మనవడు. ఎనిమిదో ఏటినుంచి బలిపీఠం దగ్గర సేవ చేసినవాడు. అప్పటికి కాలేజీలో చేరాడు. గుడిమెట్ల మీద కూర్చుని, మా అమ్మ పెట్టిచ్చిన ఆవకాయ అన్నం ముద్ద తింటూ, ఒక్కో మాటా పలికించేవాడు.

"ఆడపిల్లలు జవాబు చెప్పొద్దంటరు. నువ్వు నేర్చుకో చెల్లె. చూద్దం, ఎవరు ఆపుతరో."

అతనికొక అలవాటు. గుళ్ళోకి రాగానే తీర్థపు గిన్నెలో వేళ్ళు ముంచి శిలువ గుర్తు వేసుకునేవాడు. మిగిలిన తడిని తలుపు పక్క గోడకి, తన తల ఎత్తున, వేలితో అద్దేవాడు. ఎందుకు అన్నా అని అడిగితే, "గోడకు గూడ దూపయితది," అని నవ్వేవాడు. దాహాన్ని వాళ్ళు దూప అంటారు.

ఆ చలికాలంలో పెద్ద స్వామికి పక్షవాతం వచ్చింది. కుడి వైపంతా పడిపోయింది. ప్రాణం దక్కింది గానీ మాట పోయింది. పూర్తిగా పోలేదు, అదే భయపెట్టేది. తెలుగు పోయింది, ఇంగ్లీషు పోయింది, పుట్టిన ఊరి మాట కూడా పోయిందన్నారు. లాటిన్ జపాలు మాత్రం మిగిలాయి. అమ్మ నన్ను వెంటబెట్టుకుని గంజి తీసుకెళ్ళింది. "ఉప్పు సరిపోయిందా స్వామీ?" అని అడిగితే ఆయన అమ్మ మొహంలోకి ఆర్తిగా చూస్తూ, పూజలో మధ్యన వచ్చే ఏదో వాక్యం అన్నాడు. మళ్ళీ అడిగితే దాని తర్వాతి వాక్యం అన్నాడు.

ఆయన చోటికి చిన్న స్వామి వచ్చాడు. కేరళ మనిషి, ముప్పై కూడా నిండలేదు. తెలుగు రాదు. పైనుంచి ఉత్తర్వులొచ్చాయట, పూజ ఇక జనానికి తెలిసిన భాషలో, జనం వైపు తిరిగి చేయాలని. తెలుగు పుస్తకాలు ఇంకా అచ్చు కాలేదు. అందుకని ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. బలిపీఠాన్ని గోడకు దూరంగా జరిపించి, మాకు ఎదురుగా నిలబడి, "ది లార్డ్ బి విత్ యూ," అన్నాడు. గుళ్ళో సగంమందికి లాటిన్ ఎంత తెలుసో ఇంగ్లీషూ అంతే తెలుసు. అమ్మకి మాత్రం నచ్చింది, పిల్లకి స్కూల్లో పనికొస్తుందని. నాన్న, "ఆఫీసులో ఇంగ్లీషే, ఇక్కడా ఇంగ్లీషేనా," అని గొణిగాడు.

దీపాలవ్వ పూజంతా పెదవి కదపకుండా కూర్చుంది. తర్వాత నేను మైనపు ముక్కలు ఏరడానికి సాయం చేస్తుంటే వెనక బల్లల వైపు చూపించి అంది.

"బిడ్డా, గా బల్లలు ఖాళీగున్నయనుకుంటవా? మావోళ్ళందరు గాడనే కూసుంటరు. పెద్ద స్వామి పిలుస్తే పలుకుతుండె. నాకు ఇనబడుతుండె. ఇయ్యాల ఒక్కలు పలుకలె."

"ఎందుకు పలకలేదు?"

"సచ్చినోళ్ళకు ఇంగ్లీషు రాదు బిడ్డా. వాళ్ళను మట్టిల పెట్టినప్పుడు చెప్పిన మాటలే వాళ్ళకు తెలుసు. ఈ కొత్త మాటలకు ఎట్ల ఒస్తరు?"

ఆ తర్వాత నేను వెనక బల్లలో కూర్చోవడం మానేశాను.

అరవైతొమ్మిదిలో ఎండలు ముదిరేసరికి ఊళ్ళో గొడవలు మొదలయ్యాయి. ప్రత్యేక తెలంగాణ కావాలని కాలేజీ పిల్లలు ఊరేగింపులు తీశారు. బళ్ళు మూసేశారు. గోడల మీద, కోస్తానుంచి వచ్చిన మాలాంటివాళ్ళని వెళ్ళిపొమ్మని రాతలు. ఒకరోజు రోడ్డు మీదుగా పోతున్న ఊరేగింపులోంచి కొందరు మా సందులోకి తిరిగారు. ఒక రాయి వంటింటి కిటికీలోంచి వచ్చి ఆవకాయ జాడీకి తగిలింది. నూనె, ఆవపిండి, వెల్లుల్లి ఘాటు ఇల్లంతా కమ్మేసింది. అమ్మ నన్ను మంచం కిందికి తోసింది. అప్పుడు గుమ్మంలోంచి దీపాలవ్వ మనవడి గొంతు వినబడింది.

"గీ ఇల్లు మా గుడోళ్ళది. జరుగుండ్రి."

వాళ్ళు వెళ్ళిపోయారు. అతను లోపలికొచ్చి జాడీ పెంకులు ఏరి పెట్టాడు. చేతి నిండా ఎర్రటి నూనె.

"మాది నౌకర్ల కొట్లాట చిన్నమ్మా, మీతోని గాదు," అన్నాడు.

"మా ఆయనదీ అందులో ఒక ఉద్యోగమేగా నాయనా," అంది అమ్మ.

అతను ఇబ్బందిగా నవ్వి, చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు. మేము అతన్ని చూడటం అదే చివరిసారి. తర్వాతి వారం నగరంలో ఎక్కడో కాల్పులు జరిగాయి. చనిపోయినవాళ్ళలో అతనున్నాడు.

అతన్ని సమాధి చేయడానికి పోలీసులు పదిమందికే అనుమతిచ్చారు. చిన్న స్వామి ఇంగ్లీషు పుస్తకం చూసి ప్రార్థన గబగబా చదివాడట. గేటు దగ్గర పోలీసు జీపుని ఇంజను ఆపకుండానే నిలబెట్టారని అమ్మ చెప్పింది. అమ్మ వెళ్ళింది. నాన్న వెళ్ళలేదు. ప్రభుత్వ ఉద్యోగి అలాంటి చోట కనబడితే ఏమవుతుందో అని ఒక భయం. కోస్తా మనిషి అక్కడికి వెళితే ఆ కుర్రవాడి స్నేహితులు ఏమంటారో అని ఇంకో భయం. ఆ రోజంతా నాన్న సైకిల్ని విప్పి, తుడిచి, మళ్ళీ బిగించాడు.

తర్వాత కర్ఫ్యూ. అది నగరం వరకే అని కొందరు, మాకూ ఉందని కొందరు. ఎవరూ బయటికి రాలేదు. చిన్న స్వామి పని మీద నగరంలోకి వెళ్ళి అక్కడే చిక్కుకుపోయాడు. గుడి తాళాలు దీపాలవ్వ దగ్గరే. పెద్ద స్వామికీ ఆమెకీ అమ్మ అన్నం కట్టి ఇస్తే, పొలాల గట్ల మీదుగా నేను తీసుకెళ్ళేదాన్ని. చిన్నపిల్లని ఎవరూ ఆపరని అమ్మ ధైర్యం.

ఆ మధ్యాహ్నాల నిశ్శబ్దం నేను మళ్ళీ ఎన్నడూ వినలేదు. రోడ్డు మీద లారీ లేదు. ఎద్దుబండి లేదు. గంట కొట్టొద్దన్నారు గనక మధ్యాహ్నపు గంట కూడా లేదు. ఎండకి పెంకులు చిటపటమనేవి. మొదటిరోజు నేను గిన్నె దించి మెట్టు మీద కూర్చున్నప్పుడు, తాళం వేసిన గుళ్ళోంచి, మోకరించడానికి వాల్చుకునే మోకాళ్ళ బల్ల కిందికి దించిన చప్పుడు వినబడింది. చెక్క నేలకి తగిలిన చప్పుడు, ఒక్కసారి. తర్వాత ఏమీ లేదు.

అవ్వ జొన్నరొట్టె తుంచుతూ, "ఒచ్చిండు," అంది. ఏడవలేదు. "దినాం గీ యాళకే ఒస్తుండు. లోపటికొస్తడు, కూసుంటడు. ఎవ్వలు పిలుస్తలేరు. పాపం, పరేషాన్ అయితుండు."

"అన్నకి ఇంగ్లీషు వచ్చు కదా అవ్వా. కాలేజీలో చదివాడు కదా."

"బతికున్నప్పుడు ఒచ్చు," అంది అవ్వ.

నేను ఇంటికి పరుగెత్తి నాన్నకి చెప్పాను. ఎండకి చెక్క బిగుసుకుని చప్పుడు చేస్తుందని నాన్న అన్నాడు. నేనూ నమ్మాను. మర్నాడు అవ్వ తాళం తీసింది. పొద్దున నింపిన తీర్థపు గిన్నె ఎండిపోయి ఉంది. అదీ ఎండకే అనుకున్నాను. అప్పుడు తలుపు పక్క గోడ చూశాను. సున్నం మీద, మగమనిషి తల ఎత్తున, వేలెడు తడి మచ్చ. అవ్వ నడుం వంగిన మనిషి. చెయ్యి పైకెత్తినా అంత ఎత్తు అందదు. నాకసలే అందదు. పెద్ద స్వామి మంచం దిగడు. నేను చూస్తుండగానే ఆ మచ్చ అంచులనుంచి ఆరుకుంటూ వచ్చి మాయమైంది.

నేను అవ్వకి చెప్పలేదు. చెప్పాల్సిన పని లేదనిపించింది. ఆమె నా మొహం చూసి, "జర తోడుండు బిడ్డా," అని పెద్ద స్వామి గదికి తీసుకెళ్ళింది. పెట్టె తెరిచి, వేపాకుల మధ్యనుంచి నల్లటి పూజ వస్త్రం తీసింది. చనిపోయినవారి ప్రార్థనకి వేసుకునేది. దాన్ని మంచం మీద పరిచి, చేతులు కట్టుకుని నిలబడింది.

పెద్ద స్వామి వస్త్రాన్ని చూశాడు, అవ్వని చూశాడు. ఆయన ఎడమ చేయి చాలాసేపు ఆ నల్లటి బట్టని నిమిరింది. ఎవరికోసమో ఆయనకి తెలుసు. ఆ కుర్రవాడికి జ్ఞానస్నానం ఇచ్చింది ఆయనే. లేచి కూర్చోవడానికి ప్రయత్నించాడు.

ఒకవైపు అవ్వ, ఒకవైపు నేను. ఆ కుడికాలు నేలమీద ఈడుస్తుంటే, గదినుంచి గుడికి ముప్పై అడుగులు నడవడానికి ఎంతసేపు పట్టిందో. బలిపీఠం ముందు పేము కుర్చీలో కూర్చోబెట్టాం. ఆయన మాకు వీపు పెట్టే కూర్చున్నాడు. అవ్వ రెండు దీపాలు వెలిగించి నా పక్కన మోకరిల్లింది. వెనక బల్లలన్నీ ఖాళీ. తలుపు ఓరగా ఉంది. బయట తెల్లటి ఎండ.

ఆయన మొదలుపెట్టాడు. గంజిలో ఉప్పు సంగతి చెప్పలేని నోరు, ఒక్క మాట తడబడలేదు. గొంతు పాతదే. "దోమినుస్ వోబిస్కుం," అని ఆగాడు.

"ఎత్ కుం స్పీరితు తువో," అన్నాం అవ్వా నేనూ.

నాతో, అవ్వతో పాటు ఇంకొకరు అన్నారు. వెనకనుంచి. పెద్దగా కాదు. మెట్ల మీద నాకు నేర్పేటప్పుడు, నేను తప్పితే అందించడానికి మెల్లగా అన్నట్టు. నేను తల తిప్పబోయాను. అవ్వ నా మోచేతిని పట్టుకుంది. తిరిగి చూడనివ్వలేదు. ప్రార్థన అయ్యేదాకా ఆయన పిలిచిన ప్రతిసారీ ముగ్గురం జవాబు చెప్పాం. మధ్యలో ఒకచోట నాకు మాట అందలేదు. ఆ గొంతు నాకంటే అర క్షణం ముందే అని నాకు దారి చూపింది.

చివరి ఆమెన్ తర్వాత పెద్ద స్వామి తల వాల్చి నిద్రపోయాడు. వెనక మోకాళ్ళ బల్ల పైకి లేచిన చప్పుడైంది. అవ్వ చెయ్యి వదిలింది. తిరిగి చూస్తే ఎవరూ లేరు.

బయటికొస్తే గోడ నీడలో సైకిల్ పట్టుకుని నాన్న. ఆయనకి కర్ఫ్యూ పాసుంది. డ్యూటీ మధ్యలో ఇంటికొచ్చి, నేను రాలేదని వెతుక్కుంటూ వచ్చాడు. లోపలికి రాకుండా తలుపు బయటే నిలబడిపోయాడు. నన్ను సైకిల్ ఎక్కించుకుని ఫర్లాంగు దూరం తొక్కాక అడిగాడు.

"ఆడగొంతులు మీ ఇద్దరివీ. జవాబు చెప్పిన ఆ అబ్బాయి ఎవరే?"

"ఎవరూ లేరు నాన్నా."

సైకిల్ ఆగింది. నాన్న చొక్కా వీపంతా తడిసిపోయింది. తర్వాత సైకిల్ వెనక్కి తిప్పాడు. సమాధుల తోటలో ఇంకా గడ్డి మొలవని మట్టికుప్ప ముందు, చెప్పులు విడిచి, కాలే నేల మీద మోకరిల్లాడు. నన్ను రావద్దని చేత్తో సైగ చేశాడు. ఏమన్నాడో నాకు వినబడలేదు. ఏ భాషలో అన్నాడో కూడా తెలియదు.

ఆ తర్వాత తాళం వేసిన గుళ్ళో ఏ చప్పుడూ వినలేదు. అవ్వ కూడా ఇక ఆ మాట ఎత్తలేదు. పెద్ద స్వామి వానలు పడేలోపే పోయాడు. గొడవలు ఎలా మొదలయ్యాయో అలాగే సద్దుమణిగాయి. ఇంటి మీద రాయి పడ్డాక గుంటూరు వైపు బదిలీకి పెట్టుకున్న అర్జీని నాన్న వెనక్కి తీసుకున్నాడు. చిన్న స్వామికి ఆ మధ్యాహ్నం సంగతి అవ్వే చెప్పింది. ఆయన కోప్పడలేదు. మర్నాటినుంచి నా దగ్గర తెలుగు అక్షరాలు దిద్దడం మొదలుపెట్టాడు.

రెండేళ్ళకి తెలుగు పూజ వచ్చింది. దాని మీద కొన్నాళ్ళు గుళ్ళో మాటామాటా అయింది. "గిది మీ బెజవాడ తెలుగు, మాది గాదు," అని ఇక్కడివాళ్ళు. మాక్కూడా అది ఇంట్లో మాట్లాడే తెలుగులా లేదని మావాళ్ళు. అప్పటికే అవ్వ మంచం పట్టింది. చివరిరోజుల్లో అమ్మతో కలిసి చూడ్డానికి వెళితే నన్ను దగ్గరికి రమ్మంది.

"నన్ను మట్టిల పెట్టేటప్పుడు తెలుగులనే చెప్పమను బిడ్డా. ఇన్నేండ్లు పలికిన గని, ఏం పలికిన్నో నాకే తెల్వదు. పోయేటప్పుడన్న అర్థమయి పోత."

"మరి అక్కడ మీవాళ్ళకి అర్థం కాదేమో అవ్వా."

"నేను పోతున్న గద. నేనే చెప్త."

ఆమెను మనవడి పక్కనే పెట్టారు. నాన్న సెలవు పెట్టి, తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. గొయ్యి తవ్వినవాళ్ళతో పాటు పార పట్టాడు. అల్మాస్‌గూడ వైపునుంచి, ద్రాక్షతోటల్లోంచి చాలామంది వచ్చారు. తెలుగు అక్షరాలు ఇంకా వేగంగా చదవలేక, చిన్న స్వామి ఆ మాటల్ని తన మలయాళం లిపిలో కాగితం మీద రాసుకొచ్చాడు. కూడబలుక్కుంటూ, "ఏలినవారు మీతో ఉందురుగాక," అన్నాడు.

ఎవరూ పలకలేదు. కొత్త జవాబు ఎవరి నోటికీ ఇంకా పట్టలేదు. కాగితం గాలికి రెపరెపలాడుతోంది. చిన్న స్వామి తలెత్తి దిక్కుతోచనట్టు మా వైపు చూశాడు. తెరిచిన గొయ్యి ముందు ఆ ఖాళీ ఎంత పెద్దదైపోయిందో చెప్పలేను.

అప్పుడు నాన్న గొంతు లేచింది. "మీ ఆత్మతోను ఉందురుగాక." ఆయన ఒక్కడే, గట్టిగా. రెండోసారి అన్నప్పుడు అమ్మ కలిసింది, నేను కలిశాను, తోటల్లోంచి వచ్చినవాళ్ళు తమ యాసలో కలిశారు. అలా తడుముకుంటూ, ఒకరికొకరు అందించుకుంటూ అవ్వని సాగనంపాం.

రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ గుడీ పోయింది, తోటా పోయింది. ఎముకలు ఏరి వేరేచోట ఒకే గోతిలో పెట్టారన్నారు. నేను వెళ్ళలేదు. అమ్మ, నాన్న, చిన్న స్వామి, పార పట్టినవాళ్ళు, మట్టి వేసినవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. ఆ రోజు గొయ్యి చుట్టూ నిలబడి జవాబు చెప్పినవాళ్ళలో ఇవాళ నేనొక్కదాన్నే మిగిలాను. మొన్న వంటింట్లో వెనక్కి తిరిగింది, నాతో పాటు ఇంకెవరైనా పలికారేమోనని.